ఇంగ్లీషు నేర్పవలసింది ఇల్లా, బడా?

తెలుగునాడు వెలుపల తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో బిడ్డకు అయిదో ఏడు రాగానే ఒక ప్రశ్న తలెత్తుతుంది. పిల్లవానికి ఇంగ్లీషు ఎప్పుడు నేర్పాలి, ఎవరు నేర్పాలి? హోసూరులో పెరిగే పిల్లవాడు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పక్క వీధిలో కన్నడం వింటాడు. బళ్ళారి పిల్లలకు తెలుగు కన్నడాలు, బరంపురం పిల్లలకు తెలుగు ఒడియాలు, షోలాపురం నేతపనివారి పిల్లలకు తెలుగు మరాఠీలు ఆడుతూ పాడుతూ అబ్బుతాయి. ఇలా రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు ఇంగ్లీషును కూడా ఇంట్లోనే మొదలుపెట్టమని కొందరు సలహా ఇస్తారు. అది బడి చూసుకుంటుంది, మీరు కల్పించుకోవద్దని మరికొందరు అంటారు. తల్లిదండ్రులకు ఎవరి మాట వినాలో తెలియదు.

నా అభిప్రాయాన్ని ముందే మనవి చేస్తాను. తెలుగును నిలపడం ఇంటి పని, ఇంగ్లీషు నేర్పడం బడి పని. ఈ రెండూ తారుమారైతే పిల్లవాడు రెండు భాషలలోనూ అరకొరగా మిగిలిపోయే ప్రమాదం ఉన్నది. ఇది భాషాభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. మన ప్రాంతాల చదువుల చరిత్రను రెండు వందల ఏళ్ళ వెనుకనుండి చూసుకుంటూ వస్తే ఎందుకిలా అంటున్నానో పాఠకులకే బోధపడుతుంది.

బళ్ళారిలో ఒక్క ఇంగ్లీషు బడి

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. ఆ లెక్కలన్నీ కూడి 1826 నాటికి 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు అని తేలింది. వాటిలో మనకు మిక్కిలి ఉపయోగపడేది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. ఆయన 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు, మన భాష ఎరిగినవాడు.

బళ్ళారి జిల్లాలో ఆనాడు 533 విద్యాస్థానాలు ఉండేవి. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. మరాఠీ 23, పారసీ 21, తమిళం 4. సంస్కృతం చెప్పే చోట్లు 23. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. కన్నడ, తెలుగు బడుల సంఖ్య దాదాపు సమానంగా ఉండడం గమనించండి. ఒకే జిల్లాలో రెండు భాషల బడులు పక్కపక్కనే నడిచేవి. ఈనాడు మనం అల్పసంఖ్యాక భాషా పాఠశాల అని పిలిచే ఏర్పాటు అక్కడ ఆనాడు మామూలు సంగతి.

అంత మాత్రాన ఆ బడులను ఆకాశానికి ఎత్తనక్కరలేదు. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అయితే వారు వల్లించే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. అర్థం తెలియకుండానే వందల పద్యాలు చిలకల్లా అప్పగించేవారని ఆయన బాధపడ్డాడు. నోటికి వచ్చినదంతా చదువు అనుకునే జబ్బు ఇంగ్లీషుతో మొదలైనది కాదని దీనివలన తెలుస్తున్నది. అర్థంతో పని లేని బడి, భాష ఏదైనా, పిల్లవానికి అన్యాయమే చేస్తుంది.

దుబాసీల ఇంగ్లీషు

బడులలో ఇంగ్లీషు లేని ఆ రోజులలో అది ఎవరికి వచ్చేది? కుంపిణీ కచేరీలలో, వర్తకుల కొట్లలో పనిచేసే దుబాసీలకు వచ్చేది. రెండు భాషలు తెలిసినవాడు అనే అర్థంలోనే ఆ పేరు పుట్టింది. ఒంగోలు ప్రాంతంవాడైన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) మద్రాసు సదర్ అదాలత్తులో అనువాదకుడు అయినాడు. తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. అది 1873లో మద్రాసులో అచ్చయినది. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషి అయిన ఏనుగుల వీరాస్వామి 1830–31లో కాశీకి పోయి వస్తూ దారిపొడుగునా చూసినదంతా తెలుగులో రాశాడు. అదే కాశీయాత్ర చరిత్ర.

ఈ ఇద్దరినీ పక్కపక్కన ఉంచి చూడండి. ఒకరు తమ కథ ఇంగ్లీషులో చెప్పుకున్నారు, మరొకరు తెలుగులో. ఇద్దరికీ ఇంగ్లీషు బతుకుతెరువే. వారి ఇళ్ళలో ఇంగ్లీషు మాట్లాడిన పెద్దలు లేరు. కొలువు కోసం, కొలువులో, ఆ భాష తెలిసినవారి దగ్గర పట్టుదలగా అభ్యసించారు. రెండో భాష పట్టుబడడానికి దానితో నిత్యం పని ఉండాలి, సరిగా తెలిసినవారి సాంగత్యం ఉండాలి. ఇల్లు ఆ రెంటినీ ఇవ్వలేని చోట కచేరీ ఇచ్చింది. తరువాతి కాలంలో ఆ బాధ్యత బడిమీద పడింది.

ఉద్యోగం కోసం చదువు, చదువు కోసం ట్యూషను

1835 ఫిబ్రవరిలో మెకాలే తన అభిప్రాయపత్రం రాశాడు. మార్చిలో బెంటింక్ ప్రభుత్వం దానిని ఆమోదించింది. 1844లో ఇంగ్లీషు చదివినవారికే సర్కారు కొలువులలో మొగ్గు చూపుతామని హార్డింజ్ ప్రకటించాడు. 1854 నాటి ఉడ్ తాఖీదు మాత్రం కాస్త నిదానించి, పై చదువు ఇంగ్లీషులోనూ, సామాన్య ప్రజల చదువు దేశభాషలలోనూ సాగాలన్నది. కాగితం మీద ఈ విభజన బాగానే ఉన్నది. ఉద్యోగం ఇంగ్లీషువైపు ఉన్నప్పుడు తల్లిదండ్రుల చూపు కూడా అటే పోయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత మెట్రిక్యులేషను పరీక్ష ఊళ్ళన్నింటి కలగా మారింది.

ఆ కలను మన సాహిత్యంలో గురజాడ అప్పారావు పట్టుకున్నంత బాగా మరొకరు పట్టుకోలేదు. 1892లో విజయనగరంలో ప్రదర్శించబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో సెలవులలో ఆ అగ్రహారానికి చేరుకుంటాడు. కొడుకు ఇంగ్లీషు వింటే చాలునని తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులు ఆమె ఎదుట ఒక చిన్నపిల్లల పద్యాన్ని సంభాషణలాగా నడిపిస్తారు. తల్లి మురిసిపోతుంది.

మనం నవ్వుకుంటాము. కాని అక్కడ నవ్వవలసింది వెంకమ్మను చూసి కాదు. ఆమె తన బిడ్డ మేలే కోరింది. తనకు రాని భాషలో బిడ్డకు ఏమి వచ్చిందో, ఏమి రాలేదో తేల్చుకునే ఉపాయం ఆమెకు లేదు. ఇంట్లో ఇంగ్లీషు చెప్పించాలనుకునే తల్లిదండ్రులలో చాలామందికి ఈనాటికీ ఉన్న ఇబ్బంది అదే. చప్పుడును చదువుగా భ్రమింపజేసే గిరీశాలు ప్రతి తరంలోనూ ఉంటారు. వారిని పరీక్షించగలిగేది శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, క్రమం ఉన్న పాఠశాల.

పర్లాకిమిడి పంతులుగారు

ఇప్పుడు ఒడిశావైపు వద్దాము. 1880లో గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. ఆ ఊరి చుట్టూ కొండలలో సవరలు నివసిస్తారు. వారి పిల్లలకు ఒడియా గాని, తెలుగు గాని, ఇంగ్లీషు గాని చెప్పాలంటే ముందు వారి మాట మనకు రావాలి కదా అని ఆయన తలపోశారు. సవర మాట్లాడే మనిషిని దగ్గర ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు తయారుచేశారు, తన ఖర్చుతో బడులు పెట్టించారు. సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి.

తెలుగువారికి ఆయన వ్యావహారిక భాషోద్యమ పితామహుడుగానే ఎక్కువ తెలుసు. ఆ ఉద్యమానికీ ఈ బడులకూ సూత్రం ఒకటే. పిల్లవాని నోట ఉన్న భాషను పునాదిగా తీసుకుని దానిమీద తక్కిన చదువు కట్టాలి. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు విద్యాధికారి ఉత్తర కోస్తా బడుల తనిఖీకి వచ్చి, మీ జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాలలో చెప్పే తెలుగు మరొకటి, ఇదేమిటని అడిగాడు. బళ్ళారిలో క్యాంప్‌బెల్ పడిన బాధ కూడా ఇదే. ఆ ప్రశ్నే గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్లను కదిలించింది. ఇంగ్లీషు సంగతి బాగా తెలిసినవారే మాతృభాషా బోధనను సంస్కరించడానికి పూనుకున్నారన్నది మరువరాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు నిరసనగా ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళినా అక్కడి తెలుగు ఇళ్ళు మిగిలాయి. వారి పిల్లల చదువు ప్రశ్న నేటికీ మిగిలే ఉన్నది.

ఇద్దరు రాష్ట్రపతులు

ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదేమోనని భయపడేవారికి రెండు పేర్లు గుర్తుచేస్తాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణి ప్రాంతంలోని తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరుత్తణి, తిరుపతి, వేలూరు, మద్రాసులలో చదువుకుని, 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యపదవి అందుకున్నారు. వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టారు. అక్కడే చదువుకుని, న్యాయశాస్త్రం కోసం డబ్లిను వెళ్ళారు. నేడు ఆ ఊళ్ళలో ఒకటి తమిళనాడులో, మరొకటి ఒడిశాలో ఉన్నాయి. ఇద్దరూ బడిలోనూ కళాశాలలోనూ ఇంగ్లీషు సాధించినవారు, ఇద్దరూ భారత రాష్ట్రపతులు అయినారు.

ఇద్దరు మహనీయుల పేర్లతో సిద్ధాంతం నిలబడదని నేనూ ఒప్పుకుంటాను. ఆనాడు బడి గడప తొక్కినవారే కొద్దిమంది. అక్షరం ముక్క లేని ఇళ్ళ పిల్లల గతి ఏమైనదో ఈ ఉదాహరణలు చెప్పవు. ఇంట్లో తెలుగు ఉండడం ఇంగ్లీషుకు అడ్డు కాలేదన్నంతవరకు మాత్రం చెబుతాయి.

యానాం చెప్పే సాక్ష్యం

యానాంలో పరభాష ఇంగ్లీషు కాదు, ఫ్రెంచి. పాలనకూ పై చదువుకూ ఫ్రెంచి కావలసి వచ్చేది. ఇళ్ళలో, గోదావరి ఒడ్డున, సంతలో తెలుగే. 1954 జూన్ 13న అక్కడ ఫ్రెంచి పాలన ముగిసింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం జరిగింది. 1965 నాటి పుదుచ్చేరి అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటు కల్పించింది. ఏలికలు మారారు, కచేరీ భాష మారింది, ఇంటి భాష చెక్కుచెదరలేదు. బడిలో నేర్చిన పరభాష అవసరాన్ని బట్టి వస్తుంది, పోతుంది. ఇంట్లో తెగిన భాషను తిరిగి అతికించడం బహు కష్టం. చుట్టూ తెలుగు జిల్లాలున్న యానాంకు ఉన్న ఊతం హోసూరుకో షోలాపురానికో లేదు. కనుక మన ఇళ్ళ బాధ్యత మరింత ఎక్కువ.

పరిశోధకులు మాట మార్చిన వైనం

రెండు భాషలు పిల్లవాని బుర్రను గందరగోళపరుస్తాయని ఒకప్పుడు పండితులే అన్నారు. 1923లో డి.జె. సేర్ వేల్సు దేశపు పిల్లలను పరీక్షించి, పల్లెలలోని ద్విభాషా పిల్లలు ఏకభాషా పిల్లలకంటె వెనుకబడ్డారని ప్రకటించాడు. పల్లెకూ పట్నానికీ, పేదకూ ధనికునికీ ఉన్న తేడాను సరిగా లెక్కలోకి తీసుకోలేదని తరువాతివారు తప్పుపట్టారు. 1962లో పీల్, లాంబర్ట్ అనే ఇద్దరు కెనడాలోని మాంట్రియల్ నగరంలో పదేళ్ళ పిల్లలను, కుటుంబ స్థితిగతులు సరిచూసి మరీ పరీక్షించారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలే ముందున్నారు. రెండూ సమంగా వచ్చినవారినే ఎంచుకున్నారన్న విమర్శ దానిమీదా ఉన్నది.

మనకు దగ్గరి ఉదాహరణ ఒడిశాలోనే ఉన్నది. అజిత్ మహంతి కంధమాల్ ప్రాంతపు కొంధు పిల్లలను పరిశీలించారు. కొన్ని ఊళ్ళలో వారు కుయీ భాష మరచి ఒడియాకే పరిమితమైనారు. మరికొన్ని ఊళ్ళలో రెండూ నిలుపుకున్నారు. జాతి ఒకటే, భాషల లెక్కే తేడా. ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షలలో రెండు భాషలు నిలుపుకున్న పిల్లలే మెరుగుగా కనిపించారు. ఇంటి భాషను వదిలి బయటి భాషకు మారిపోయినందువలన ఆ పిల్లలకు ఒరిగినది లేదు.

జిమ్ కమిన్స్ 1979లో ఇంకొక మెట్టు ముందుకు వెళ్ళాడు. ఒక భాషలో చదివి అర్థం చేసుకునే శక్తి బలపడితే అది రెండో భాషకూ అక్కరకు వస్తుందన్నాడు. కథలో కార్యకారణాలు పట్టుకోవడం, ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం, తెలియని మాటకు సందర్భాన్ని బట్టి అర్థం ఊహించడం ఒకసారి నేర్చుకుంటే చాలు. భాష మారినప్పుడు మళ్ళీ మొదటినుండి నేర్వనక్కరలేదు.

మరి ఇంట్లో ఇంగ్లీషు ఎన్నడూ తగదా? తగే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఫ్రెంచి భాషావేత్త జూల్ రొంజా తన కుమారుని భాషాభ్యాసం గురించి 1913లో గ్రంథం ప్రకటించాడు. తండ్రి ఫ్రెంచిలో, తల్లి జర్మనులో మాట్లాడేవారు. బిడ్డకు రెండూ చక్కగా వచ్చాయి. అయితే అక్కడ ఎవరి భాష వారు మాట్లాడారన్నది గమనించాలి. ఇంగ్లీషులోనే మాట్లాడి, నవ్వి, కోపగించుకునే తల్లో తండ్రో ఉన్న ఇంట్లో అది సహజం. పది వాక్యాలు బట్టీపట్టి బిడ్డతో అవే తిప్పి తిప్పి మాట్లాడే ఇంట్లో బిడ్డకు అందేది పేద ఇంగ్లీషు. పోయేది సంపన్నమైన తెలుగు.

చట్టం ఇచ్చినది, చట్టం ఇవ్వలేనిది

1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై, ప్రాంతీయ భాష కాక వేరొక మాతృభాష గల పిల్లలు బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే ఆ భాష చెప్పే ఉపాధ్యాయుని నియమించాలని తీర్మానించారు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ యత్నించాలని అది చెబుతున్నది.

ఆ తరువాత వచ్చిన మార్పులు మీరు ఎరిగినవే. తమిళనాడు 2006లో చేసిన చట్టం పదవ తరగతి వరకు ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగు పిల్లలు తమిళం నేర్వడం మంచిదే. అది వారు బతికే నేల భాష. తెలుగుకు ఉన్న చోటు కుదించుకుపోవడమే కష్టం. కర్ణాటకలో ప్రాథమిక తరగతులకు మాతృభాషే మాధ్యమం కావాలన్న 1994 నాటి విధానం మీద సుదీర్ఘ వివాదం నడిచింది. బోధనా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదని, ఎంపిక బిడ్డ తరఫున తల్లిదండ్రులదని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అంటే మాతృభాషను కాపాడే భారం కోర్టు మెట్లు దిగి మన గుమ్మంలోకి వచ్చి కూర్చున్నది.

1949 నాటి పది అనే అంకెను ఒకసారి తలచుకోండి. తరగతిలో పది మంది తెలుగు పిల్లలు ఉంటే ఉపాధ్యాయుని అడిగే ఆధారం ఉంటుంది. పదవ బిడ్డ వెళ్ళిపోతే మిగిలిన తొమ్మిది మందికీ ఆ ఆధారం సన్నగిల్లుతుంది. ఆ పదవ బిడ్డ ఎందుకు వెళుతున్నాడు? చాలావరకు ఇంగ్లీషు కోసమే. తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. ఇంగ్లీషు సరిగా చెప్పని తెలుగు బడి తన గోతిని తానే తవ్వుకుంటున్నది.

ఎవరి పని ఏమిటి

ఇంగ్లీషు బాధ్యతను ఇంటికి నెట్టివేస్తే జరిగే అన్యాయం మరొకటి ఉన్నది. డబ్బున్న ఇల్లు ట్యూషను పెట్టిస్తుంది, పుస్తకాలు కొంటుంది. నేతపనివాని ఇల్లు, కూలివాని ఇల్లు ఏమి చేయగలవు? అందరికీ సమంగా అందవలసిన విద్యను అందరికీ సమంగా ఉన్న చోటే నేర్పాలి. అది బడి. కనుక అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో మొదటి తరగతులనుండి ఇంగ్లీషును ఒక భాషగా, మాటలతో ఆటలతో మొదలుపెట్టి, తెలుగు చదవడం స్థిరపడిన కొద్దీ రాతలోకి తీసుకుపోవాలి. దానికి తగిన శిక్షణ ఉన్న ఉపాధ్యాయుని అడిగి తెచ్చుకోవాలి. పాఠాన్ని తెలుగులోకి మార్చి అప్పగించడంతో సరిపెట్టకుండా ఆ భాష వాడే అవకాశం కల్పించాలి. బడి ఆ పని చేయకపోతే గట్టిగా అడగవలసింది తల్లిదండ్రులే.

ఇంటివైపు పని ఖర్చు లేనిది, తేలిక మాత్రం కాదు. రోజూ పావుగంట బిడ్డచేత తెలుగు చదివించండి. అమ్మమ్మ, తాతయ్యలతో కథలు చెప్పించండి. కొట్టు చీటీ తెలుగులో రాయించండి. బడిలో ఇంగ్లీషులో విన్న పాఠాన్ని రాత్రి భోజనాల వేళ తెలుగులో వివరించమనండి. చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టు, చెప్పలేకపోతే చిలకపలుకులు వల్లించినట్టు. వెంకమ్మకు లేని పరీక్షాసాధనం ఇదే. మీకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా ఈ పరీక్ష మీరే పెట్టవచ్చు.

2011 జనగణన నాటికి తమిళనాడులో సుమారు 42 లక్షల మంది, కర్ణాటకలో సుమారు 36 లక్షల మంది తెలుగు తమ మాతృభాష అని చెప్పారు. జనగణనలో చెప్పడం వేరు, బిడ్డకు చదవడం నేర్పడం వేరు. వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు మీ ఊరి తెలుగు తరగతిలో ఎంతమంది ఉన్నారో వెళ్ళి లెక్కపెట్టండి. ఆ తరగతిలో ఇంగ్లీషు ఎవరు చెబుతున్నారో కూడా ప్రధానోపాధ్యాయుని అడగండి. ఆ రెండు ప్రశ్నలూ కలిపి అడిగే తల్లిదండ్రులు ఉన్న ఊళ్ళో తెలుగు బడి నిలుస్తుంది.